పదిహేడో నంబరు గోడ

వరంగల్,
ఫిబ్రవరి 9, 2025.

ప్రియమైన తమ్ముడు ఉదయ్‌కు,

అక్క కమల ఆశీస్సులు. మొన్న ఫోన్‌లో నేను ఇంకా మాట్లాడుతుండగానే "మీటింగ్ ఉంది అక్కా" అని పెట్టేశావు. అంతకు ముందు వారం కూడా అదే మీటింగ్. అందుకే కాగితం తీసుకున్నాను. దీన్ని మధ్యలో కట్ చేయలేవు. ఇందులో కోపం ఉంటే నీ మీదే, ప్రేమ ఉంటే అదీ నీ మీదే. తీరిక ఉంటే రెండూ విడదీసుకో.

విషయం ఇది. వరద కాలువలు కొత్తగా ఎక్కడెక్కడ కడతారో ఆ లిస్టు వార్డు ఆఫీసు గోడకు అంటించారు. నువ్వు హైదరాబాద్‌లో కూర్చుని తయారుచేస్తున్న ప్లాన్‌లోదే ఆ లిస్టు అని అక్కడి గుమాస్తా చెప్పాడు. కళ్లద్దాలు పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా రెండుసార్లు చదివాను. మా కట్టకింది కాలనీ పేరు లేదు. ఆఖరి పేజీలో, వదిలేసిన కాలనీల వరుసలో కనబడింది. పేరు పక్కన మూడు మాటలు: ముంపు నమోదు కాలేదు.

నమోదు కాలేదట. రెండేళ్ల కింద ఆ జూలైలో నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను ఎక్కడ ఉన్నానో గుర్తుందా? దుకాణం అటక మీద. పైచెరువు నిండింది, కిందిచెరువుకు పోవాల్సిన నీళ్లకు దారి దొరకలేదు, మా కాలనీలోకి మళ్లాయి. పొద్దున ఏడింటికల్లా గల్లాపెట్టె మునిగింది. వెనక గదిలో రాతిసున్నం బస్తాలు ఉండె. రాతిసున్నానికి నీళ్లు తగిలితే ఏమవుతుందో, రంగులూ సున్నమూ అమ్మే ఇంట్లో పుట్టిన నీకు నేను చెప్పక్కర్లేదు. గదిలోని వరద నీళ్లు కుతకుతా ఉడికాయి. బస్తాలు కాపాడబోయి మన హమాలీ యాకయ్య మోకాళ్ల దాకా కాల్చుకున్నాడు. పదకొండు రోజులు దవాఖానలో ఉన్నాడు. వరదలో కాలిన మనిషిని అంతకు ముందు చూడలేదని డాక్టరు అన్నాడు. అదంతా ఎక్కడా నమోదు కాలేదు.

ఎలా అవుతుంది? వరద సర్వేకని మా కాలనీకి ఒక్కరూ రాలేదు. ఒక్క మనిషి వచ్చి నీళ్లు ఎక్కడి దాకా వచ్చాయని అడిగి ఉంటే, మూల ఇంటి మొగిలమ్మ ఒక్కతే గంటసేపు చెప్పేది. నా ఉత్తరంతో పాటు అర్జీ కూడా పెడుతున్నాను. 'వరద సర్వే కోసం మా కాలనీకి ఎవరూ రాలేదు' అని అరవై ఒక్క ఇళ్ల వాళ్లు సంతకాలు పెట్టారు. అన్ని ఇళ్లకూ నేనే తిరిగాను. ఇంకో జూలై వస్తే ఈసారి ఎవరి కాళ్లు పోతాయో అన్న భయం అందరికీ ఉంది.

మీ బావ బాగానే ఉన్నారు, మోకాలి నొప్పి తప్ప. కాలనీని చూస్తే నువ్వు గుర్తుపట్టవు. మొన్నటి దసరాకు ప్రతి ఇంటికీ కొత్త రంగు, అంతా మన దుకాణం సరుకే. రోడ్డు వెడల్పు గండం ఒకటి మీద పడబోతే మేమే తెలివిగా దాటేశాం. అది కలిసినప్పుడు చెబుతాను. ప్లాన్లు గీసేవాడికి కాగితం మీద రాసే సంగతి కాదు.

జవాబు రాయి. ఫోన్ మాత్రం చేయకు.

కోపంగానే అయినా, నీ
కమలక్క


హైదరాబాద్,
ఫిబ్రవరి 20, 2025.

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం ఆఫీసుకు వచ్చింది. కవరు మీద 'జవాబు చెప్పాల్సిన తమ్ముడికి' అని రాశావు. నా చేతికి రాకముందే దాన్ని ముగ్గురు చదివారు. ఇకమీదట ఇంటి అడ్రసుకు రాయి.

మీటింగ్ అని నేను చెప్పేది అబద్ధం కాదు. ఊరికి కాలువలు గీయడమంటే ఉన్న చెరువులు, పూడ్చేసిన చెరువులు, కాలువ మీద కట్టిన ఇళ్లు, అక్కడ అసలు కాలువే లేదని పట్టా చూపించేవాళ్లు, వీళ్లందరినీ ఒకే మ్యాపులో సర్దడం. నీళ్లు పోయే దారి కదా అని నీలం గీత గీస్తాను. అక్కడికి పోయి చూస్తే మూడంతస్తుల బిల్డింగు ఉంటుంది. చెరిపేసి పక్కకు గీస్తాను. అక్కడ ఫంక్షన్ హాలు ఉంటుంది. మూడేళ్లుగా నా పని ఇదే.

లిస్టు ఎలా తయారైందో చెబుతాను, విను. నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయో తెలిస్తేనే కాలువ ఎంత వెడల్పు ఉండాలో, ఎంత లోతు ఉండాలో తేల్చగలం. అందుకు రెండు విడతల సర్వే పెట్టాం. మొదటి విడతలో ఒక మనిషి పోయి కాలనీలో వరద మట్టం గుర్తులు పెట్టి వస్తాడు. మూడు వారాల తర్వాత రెండో జట్టు మిషన్‌తో పోయి ఆ గుర్తుల ఎత్తు కొలుస్తుంది. కొలతలు దొరికిన కాలనీ ప్లాన్‌లోకి ఎక్కుతుంది. దొరకకపోతే 'నమోదు కాలేదు' అని పడుతుంది.

నీ అర్జీ చూశాక మీ కాలనీ రికార్డు తీయించాను. మొదటి విడత రిజిస్టరులో నలభై మూడు గుర్తులు పెట్టినట్టు రాసి ఉంది. పెట్టింది ఉప్పలయ్య అనే వర్ధన్నపేట మనిషి, కాంట్రాక్టు మీద పనిచేసే సర్వేయరు. రెండో జట్టు పోయి వెతికితే ఒక్క గుర్తూ కనబడలేదు. వందకు పైగా కాలనీలు కదా, అప్పుడు దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు తెలిసింది. ఆ మనిషి మీ కాలనీకి రానే లేదు. ఎక్కడో చెట్టు కింద కూర్చుని నలభై మూడు అంకెలు వేసుకున్నాడు.

అర్జీని మా పెద్దసారు ముందు పెడతాను. అంతకు మించి నన్ను అడగకు. అక్క కాలనీ కాబట్టి చేర్చాడని ఒక్కరన్నా మొత్తం ప్లాన్ మీద అనుమానం వస్తుంది. ఈ మాటకు నీకు కోపం వస్తుందని తెలుసు.

యాకయ్య కాళ్లు ఎలా ఉన్నాయి? బావను మెట్లు ఎక్కవద్దని చెప్పు.

నీ తమ్ముడు,
ఉదయ్


వరంగల్,
మార్చి 2, 2025.

ప్రియమైన ఉదయ్‌కు,

నీ ఉత్తరాన్ని దుకాణం అరుగు మీద నిలబడి అందరికీ చదివి వినిపించాను. నీ సొంత విషయాలు వదిలేశాను, భయపడకు. నలభై మూడు గుర్తులు అన్న చోట ఒక్కొక్కరి మొహం చూడాల్సింది. మొగిలమ్మ అయితే ఊరుకోలేదు.

"ఆ ఉప్పలయ్యను ఒక్కసారి మా వాడకు తోలుకరమ్మను బిడ్డా. నీళ్లు యాడిదాంక వచ్చినయో మెడ పట్టి చూపిస్త."

మట్టం గుర్తు అంటే ఏమిటో నాకు తెలియదనుకున్నావా? చిన్నప్పుడు నాయిన మనల్ని చెరువు నిండి మత్తడి దుంకేది చూపించడానికి తీసుకుపోలేదా? అక్కడ అడ్డగీతలు చెక్కిన రాయి పాతి ఉండేది. నువ్వు దాని మీదికి ఎక్కబోయి నీళ్లలో పడ్డావు, నేను జుట్టు పట్టి లాగాను. అలాంటి రాయి మా కాలనీలో ఒక్కటంటే ఒక్కటి లేదు. నలభై మూడు రాళ్లు పాతితే అరవై ఒక్క ఇళ్ల వాళ్లకు కనబడకుండా ఉంటాయా?

నాకు ఏం మండుతుందంటే, మేము నడుము లోతు నీళ్లలో నిలబడింది ఒక ఎత్తు, ఆ సంగతి రాసుకోవడానికి జీతం తీసుకున్న మనిషి ఇంట్లో పడుకోవడం ఇంకో ఎత్తు. నువ్వేమో పెద్దసారు ముందు పెడతాను, అంతకు మించి అడగకు అంటావు. సరే, అడగను. కానీ వాణ్ని ఊరికే వదలకండి. ఈ ఒక్కటి నా కోసం కాదు, యాకయ్య కోసం అడుగుతున్నాను. వాన పడే రోజుల్లో ఆయన ఇప్పటికీ చెప్పులు వేసుకోలేడు.

మీ బావ నీకు రాయమన్న మాట: మామిడికాయ తొక్కు పెట్టగానే పంపిస్తారట. ఆ తొక్కు పెట్టేది ఆయన కాదు, నేను.

నీ అక్క,
కమల


హైదరాబాద్,
మార్చి 24, 2025.

ప్రియమైన అక్కకు,

ఉప్పలయ్యను పనిలోంచి తీసేశారు. తీసేయాలని నోట్ రాసింది నేనే, కింద సంతకం కూడా నాదే. ఆయన్ని నేను ఎప్పుడూ చూడలేదు. కాంట్రాక్టు మనుషులంతా మాకు కాగితం మీద పేర్లే. విచారణకు పిలిచిన రోజు నేను వేరే ఊళ్లో ఉన్నాను. "నేను పోయిన సార్, నేను గీసిన సార్" అని అదే మాట పదిసార్లు అన్నాడట. మీ అరవై ఒక్క సంతకాల ముందు ఆ మాట నిలబడలేదు. ఇరవై ఏళ్ల సర్వీసు అట. ఇంకెక్కడా సర్వే పనికి తీసుకోకుండా మిగతా కంపెనీలకూ చెప్పారు.

ఇంత చిన్న పనికి అబద్ధం ఎందుకు ఆడాడో నాకు అర్థం కాదు. గోడ మీద వరద చార ఎక్కడి దాకా ఉందో చూడాలి, దాని మీద ఎర్ర రంగుతో అడ్డంగా ఒక గీత గీయాలి, కింద నంబరు వేయాలి. గోడకు రెండు నిమిషాలు పట్టదు.

ఇంకొకటి కూడా అడగాలనుకున్నాను. ఎర్ర గీత లేకపోతే పోనీ, ఆ జూలై బురద చార అయినా గోడల మీద ఉండాలి కదా. రెండో జట్టు తీసిన ఫొటోలు చూశాను. మీ కాలనీ గోడలన్నీ తెల్లగా మెరిసిపోతున్నాయి. ఒక్క మరక లేదు. ఎలా అక్కా?

నీకు నచ్చని వార్త చివరికి ఉంచాను. మనిషిని తీసేశారు కానీ మీ కాలనీని చేర్చలేదు. కొలత లేనిదే కాలువ లేదు. మళ్లీ సర్వే అంటే రెండో దశలోనే, అంటే ఇంకో రెండేళ్లకు. మొదటి దశకు అభ్యంతరాల గడువు ఏప్రిల్ ముప్పై. ఆలోపు నీళ్లు నిలిచిన ఎత్తుకు గోడ మీద ఆధారం ఏదైనా దొరికితే చూపించు. ఫోన్‌లో తీసిన వీడియోలు చాలవు, వాటిలో నీళ్లు కనబడతాయి కానీ కొలత పట్టడానికి చోటు దొరకదు.

తప్పు ఎవరిదో తేలింది, పని మాత్రం జరగలేదు. నాకు ఈ ఉద్యోగం మీదే విసుగు పుడుతోంది.

నీ
ఉదయ్


హైదరాబాద్,
ఏప్రిల్ 12, 2025.

అక్కా,

మూడు వారాలు అయింది. ఉత్తరం లేదు. నువ్వు ఫోన్ చేయొద్దన్నా చేశాను, ఎత్తలేదు. బావకు చేస్తే "మీ అక్క ఎవ్వలితోని మాట్లాడుత లేదు, దుకాణంల కూసుండి గోడలు చూస్తాంది" అన్నారు. ఒంట్లో బాగాలేదా? నా మీద కోపమా? కోపమైతే తిడుతూ అయినా నాలుగు ముక్కలు రాయి. నువ్వు తిట్టకపోతేనే నాకు భయం.

ఉదయ్


వరంగల్,
ఏప్రిల్ 17, 2025.

ప్రియమైన ఉదయ్‌కు,

నీ మీద కోపం లేదు. మార్చిలో నువ్వు రాసిన ఉత్తరం ఇరవై ఎనిమిదో తారీఖున అందింది. అందులో 'ఎర్ర రంగుతో అడ్డంగా ఒక గీత' అన్న చోట ఆగిపోయాను. ఆ కింద ఏం రాశావో రెండు రోజుల తర్వాత గానీ చదవలేదు.

ఉప్పలయ్య వచ్చాడు. దసరాకు ఇరవై రోజుల ముందు వచ్చాడు. నేను నా కళ్లతో చూశాను.

ఒక మధ్యాహ్నం గోడ గోడకూ ఎర్ర గీత గీసి నంబరు వేసుకుంటూ పోతున్నాడు. మొగిలమ్మ అడ్డం పోయి అడిగింది.

"ఏందయ్యా ఈ గీతలు?"

"సర్వే అమ్మా. ఎందుకని నన్ను అడగకుండ్రి, ఆఫీసుల అడుగుండ్రి."

అంతే, పక్క గోడకు పోయాడు. ఉదయ్, మాకు ఎర్ర గీత, దాని కింద నంబరు అంటే ఒకటే తెలుసు. బజారు రోడ్డు వెడల్పు చేసినప్పుడు ముందు గోడల మీద ఎర్ర గీతలే పడ్డాయి, ఆ తర్వాత జేసీబీ వచ్చింది. రెండోసారి చూడ వచ్చినప్పుడు గుర్తు కనబడని ఇళ్లు లిస్టుకు ఎక్కలేదని అప్పట్లో అందరూ చెప్పుకున్నారు. ఆ మాట కాలనీకి గుర్తుచేసింది నేనే.

ఎలాగూ దసరాకు ఇళ్లకు సున్నాలు వేసుకునే రోజులు, వరద వచ్చిన ఏడాది తడి ఆరక ఎవరూ వేసుకోలేదు కూడా. ఎవరికీ అనుమానం రాదు. ఉత్త సున్నం వేస్తే కింది ఎరుపు వారం తిరగకుండా పైకి వస్తుందని నాకు తెలుసు కదా. అందుకని ముందు ప్రైమరు కొట్టించి, దాని మీద రెండు పూతలు రంగు వేయించాను. ఎక్కడ మందంగా కొట్టాలో ఇంటింటికీ తిరిగి చూపించాను. దుకాణంలో కూర్చున్న ఇన్నేళ్లలో అంత శ్రద్ధగా ఎవరికీ సరుకు అమ్మలేదు. బురద చార కూడా దాని కిందికే పోయింది. మూడు వారాలకు మిషన్ పట్టుకుని ఇద్దరు వచ్చారు. తెల్లటి గోడలు చూసి ఒకరి మొహం ఒకరు చూసుకుని పోయారు. మేమంతా తలుపు సందుల్లోంచి నవ్వుకున్నాం. మీ బావ ఆ రోజు మిఠాయి తెచ్చారు.

రోడ్డు వెడల్పు గండం దాటేశామని నీకు గొప్పగా రాసింది ఇదే.

నేను అబద్ధం రాయలేదు. వరద సర్వేకు ఎవరూ రాలేదనే నమ్మాను. కానీ ఆ నమ్మకంతోనే అరవై ఒక్క సంతకాలు పోగుచేసి ఒక మనిషి అన్నం తీయించాను. ఊరికే వదలకండి అని కూడా రాశాను. నీ ఉత్తరం అందాక ఎవరికీ చెప్పలేదు, మీ బావకు కూడా. ఇంకో పదిహేను రోజులు గడిచినా చెప్పేదాన్నో లేదో తెలియదు. మొన్న సోమవారం ఆయనే దుకాణానికి వచ్చాడు.

యాభైకి దగ్గర పడ్డ మనిషి. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో రిజిస్టరు జిరాక్సు. అర్జీ రాసింది నేనేనని ఆయనకు తెలియదు. పాత రంగు గీకే రేకు అడిగాడు.

"లప్పం పట్టీ ఉన్నదా అమ్మా?"

"ఏం పనికి?"

"గోడ గీకుటానికి."

"ఎవల గోడ?"

"ఎవలదైన మంచిదే. ఒక్క గోడ గీకనిస్తే చాలు. నేను గీత గీసిన్నో లేదో నాకన్న తెల్వాలె గద. మా ఇంటామె సుత నమ్ముత లేదు. పోకుంటనే రాసినవా అని రోజు అడుగుతాంది. అడిగి అడిగి నాకే అనుమానం వస్తాంది."

కొక్కానికి వేలాడే పట్టీ తీశాను కానీ ఆయన చేతికి ఇవ్వలేకపోయాను. దాన్ని పట్టుకునే నిలబడి అంతా చెప్పాను. దసరా సంగతి, ప్రైమరు సంగతి, అర్జీ సంగతి. ఆయన తిట్టలేదు. తిడితే నాకు కొంచెం తేలికయ్యేది. కవరులోంచి కాగితం తీసి వేలు పెట్టి చూపించాడు.

"పదిహేడో నంబరు మీదేనమ్మా. దుకాణం ఎనుక గోడ. ఎర్ర రంగు డబ్బా, బ్రష్షు ఆ దినం మీ దగ్గరనే కొన్న."

అది నాకు గుర్తు లేదు. ఎంత ఆలోచించినా గుర్తుకు రావడం లేదు.

తప్పు నాది. మీ పెద్దసారుకు ఏం చెప్పాలో, ఆ మనిషి పని ఎలా తిరిగి ఇప్పించాలో నువ్వు రాయి. నాకు తోచడం లేదు.

నీ అక్క,
కమల


హైదరాబాద్,
ఏప్రిల్ 22, 2025.

అక్కా,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చించేశాను. మొదటి దాంట్లో అంతా తిట్లే ఉన్నాయి. గోడ మీద గీత ఎందుకు గీశారో నాకు ఒక్క ఫోన్ చేసి అడిగి ఉంటే అయిపోయేది. సొంత తమ్ముడు ఇదే పనిలో ఉన్నాడు. అడగకుండా ఊరంతటికీ ప్రైమరు అమ్మావు.

రెండోసారి రాస్తూ సర్వే వాళ్లకు ఇచ్చిన సూచనల కాగితం తీసి చూశాను. నాలుగో సూచన ఇలా ఉంది: 'గోడ మీద గీత, నంబరు మాత్రమే వేయాలి. కారణం చెప్పకూడదు. చెబితే జనం గుమిగూడి పని ఆలస్యమవుతుంది.' ఆ వాక్యం నేను రాసిందే. మొగిలమ్మకు ఉప్పలయ్య చెప్పిన జవాబు నా జవాబు. నువ్వు ఫోన్ చేసినా మీటింగ్ ఉందని పెట్టేసేవాడినేమో.

ఇంకొకటి. మార్చిలో నువ్వు రాళ్లు పాతలేదని రాశావు. మనం రాళ్లు ఎక్కడ పాతాం, అక్క వేరే ఏదో అనుకుంటోంది అని నాకు అప్పుడే తట్టింది. నవ్వుకుని పక్కన పెట్టాను. ఆ వారమే నోట్ మీద సంతకం చేశాను.

పెద్దసారుతో మాట్లాడాను. తీసేసిన ఆర్డరు వెనక్కి తీసుకుంటే మనం తప్పు ఒప్పుకున్నట్టు అవుతుంది, నిదానంగా చూద్దాం అన్నాడు. ఆయన నిదానం నాకు తెలుసు.

కాలువ సంగతికి వస్తాను. రంగు కింద గీతలు ఉన్నాయంటున్నావు కాబట్టి ఆశ ఉంది. గడువులోపు వాటిని బయటకు తీసి, రిజిస్టరులో ఉప్పలయ్య టేపుతో కొలిచి రాసుకున్న ఎత్తులతో సరిచూసి పంపితే, మళ్లీ మిషన్ పంపక తప్పదు. మీ కాలనీ మొదటి దశలోకి వస్తుంది. ఆ ఎత్తుల ప్రకారం కాలువ ఎలా వస్తుందో నిన్న కంప్యూటర్‌లో వేసి చూశాను. పైచెరువు నుంచి కిందిచెరువుకు ఇరవై అడుగుల కాలువ కావాలి. తొమ్మిది ఇళ్లకు ప్రహరీ గోడలు పోతాయి. గోడ కాకుండా కట్టడం పోయేది ఒక్కటే. మన దుకాణం వెనక గది మొత్తం, ముందు గదిలో నాలుగు అడుగులు. ఎటు జరిపి చూసినా అవతల పక్కన ఇళ్లే పోతున్నాయి.

నువ్వు భయపడి పూయించిన గీత నిజంగానే ఆ గదిని కూల్చబోతోంది అక్కా. పంపకపోతే ఎవరికీ తెలియదు. నేనూ చెప్పను. అది నాయిన కట్టిన గది. ఏం చేయాలో నువ్వే చెప్పు.

ఉదయ్


వరంగల్,
ఏప్రిల్ 29, 2025.

ప్రియమైన తమ్ముడు ఉదయ్‌కు,

వెనక గది పోతుందని చదివాక ఒక రోజంతా అన్నం సయించలేదు. మర్నాడు యాకయ్యను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాను. ఆయన నా కంటే తాపీగా ఉన్నాడు.

"ఆ గది పాత కాలువ పూడ్చి కట్టిందే గదమ్మా. రాళ్లు మోసింది నేనే. నీళ్లు ఇటేం వస్తయి తియ్యి అన్నడు పెద్దాయన."

"ఇన్నేండ్ల సంది చెప్పకపోతివి?"

"మీరు అడిగిండ్రా?"

ఆ గదిలోనే ఆయన కాళ్లు కాలాయి. దాని మీద నేను ఇంకేం మాట్లాడను? నాయిన మీద కోపం వచ్చింది, కాసేపటికి పోయింది. అడగకుండా గోడ కట్టింది ఆయన, అడగకుండా గోడకు రంగు పూయించింది నేను. మనం ఒక్క ఇంటి వాళ్లమే.

నీ ఉత్తరం అరుగు మీద చదివాను, నేను నీకు రాసిన సంగతులన్నీ నోటితో చెప్పాను. ఈసారి ఏమీ వదలలేదు. కొందరు నా మొహం మీదే అన్నారు, పూయమన్నది నువ్వే, గీకమంటున్నది నువ్వే, మళ్లీ రంగు కూడా నీ దగ్గరే కొనాలా అని. నిజమే కదా. రంగు నేను ఊరికే ఇస్తానన్నాను. పదమూడు ఇళ్ల వాళ్లు తలుపులు వేసుకున్నారు. మొగిలమ్మ కొడుకు కూడా వేయబోయాడు. మొగిలమ్మ మాత్రం కొడుకును పక్కకు తోసి తన గోడను తానే గీకింది. కొత్త అర్జీ మీద నలభై ఎనిమిది సంతకాలు ఉన్నాయి. 'సర్వేయరు వచ్చాడు, గీతలు గీశాడు, మేమే తెలియక పూసేశాం' అని రాశాం.

మూడు రోజులు గీకాం. ఉప్పలయ్య వర్ధన్నపేట నుంచి పొద్దున మొదటి బస్సుకు వచ్చి సాయంత్రం పోయేవాడు. ఆయనకు జీతం ఇచ్చేవాళ్లు లేరు, రమ్మన్నవాళ్లు కూడా లేరు. నలభై మూడింటిలో ముప్పై ఆరు బయటపడ్డాయి. ఒక గోడను కూలగొట్టి మళ్లీ కట్టారు, మిగతావి తలుపులు వేసుకున్న ఇళ్లవి. ప్రతి గీత ఎత్తూ ఆయన రిజిస్టరుతో సరిపోయింది, ఎక్కడైనా తేడా ఉంటే వేలు వెడల్పు.

పదిహేడో నంబరు ఆఖరికి ఉంచాం. ఆ గోడకు నా చేత్తో మూడు పూతలు కొట్టాను కాబట్టి నేనే గీకాను. మధ్యాహ్నం దాకా పట్టింది. గల్లాపెట్టె ఎత్తున ఎర్రగా గీత, దాని కింద ఒకటి, ఏడు. ఉప్పలయ్య దగ్గరికి వచ్చి చూశాడు. ఫోన్ తీసి ఫొటో తీసుకుని వాళ్లావిడకు పంపాడు.

తర్వాత నేను ఎర్ర డబ్బా మూత తీసి ఆయనకు ఇచ్చాను. ప్రతి గీత పక్కనా రాయించాను: 'ఆ జూలైలో నీళ్లు ఇక్కడి దాకా వచ్చాయి.' మీ నాలుగో సూచనకు విరుద్ధమని తెలుసు. జనం గుమిగూడారు కూడా. పని ఏమీ ఆలస్యం కాలేదు. పదిహేడో గోడ మీద ఇంకో ముక్క నేనే రాశాను: 'కాలువ కోసం ఈ గది పోతుంది.' రేపు ఎవరైనా వచ్చి ఏందీ గీత అని అడిగితే నేను ఆఫీసు పేరు చెప్పను. రాతిసున్నం ఇక తేవద్దని మీ బావకు చెప్పాను. పంపించు, ఉదయ్. నాలుగు అడుగులు తగ్గినా ముందు గదిలో కూర్చుని రంగులు అమ్ముకోగలను.

ఆదివారం వర్ధన్నపేట పోయి ఉప్పలయ్య ఇంట్లో, ఆయన భార్య ముందు తప్పు నాదని చెప్పి వచ్చాను. ఆమె మంచినీళ్లు ఇచ్చింది. కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను, నిలబడే వచ్చాను. నా వంతు అయింది. తీసేసిన నోట్ మీద ఉన్న సంతకం నీది కాబట్టి నీ వంతు ఇంకా ఉంది. మీ పెద్దసారు నిదానంగా చూస్తే చూడనీ, నువ్వు నిదానించకు.

రేపటితో గడువు అయిపోతుంది. పోస్టులో వేస్తే అందదు. అందుకే ఈ ఉత్తరాన్ని, అర్జీని, ముప్పై ఆరు ఫొటోలను మనిషికి ఇచ్చి పంపుతున్నాను. ఆయన్ని నువ్వు ఎప్పుడూ చూడలేదని రాశావు కదా.

ఇది చదువుతున్నప్పుడు నీ ఎదురుగా నిలబడి ఉన్నది ఆయనే. మీటింగ్ ఉందని చెప్పకు. ముందు కూర్చోమను.

నీ అక్క,
కమల